చివరి పూతకే మైనం

తొయొషిమా
జనవరి చివరివారం

ఫుసాయే గారికి,

పలకరింపులు వదిలేస్తున్నాను. ఇక్కడ చలిగా ఉంది, అక్కడా చలిగానే ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసిందే.

ఫోన్ చేస్తే మీకు సగం వినబడదు. మిగతా సగానికి "ఆఁ, ఆఁ" అంటారు. ఇరవై ఏళ్ల గ్రైండర్ మోత మీ చెవుల్ని తినేసిందని నాన్న అంటుండేవాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

గెన్‌పెయి తాత పడవ, ఎబిసు మారు, మన షెడ్డులోకి ఎక్కింది. అదే, నా చిన్నప్పుడు నాన్న ఫైబర్‌గ్లాస్ గాజునారతో కట్టింది. నాన్న పోయాక నేను ఒక్కదాన్నే పట్టిన మొదటి పని ఇది. పక్కల మీది పాత పై పూత, ఆ జెల్‌కోటు, సున్నంలా రాలిపోతోంది. అదంతా గీకేశాను, కొత్తది పూయాలి. ఇంతవరకూ నేను ఇంజన్ల మనిషినే తప్ప పూతల జోలికి ఎప్పుడూ పోలేదని మీకు తెలుసు. ఆ డబ్బాల పని నాన్నదీ మీదీ.

మొన్న మొదటి పూత వేశాను. ఈ రోజుకీ జిగటగానే ఉంది. వేలు పెడితే ముద్ర పడుతోంది. నిన్న ఎక్కడినుంచో ఒక పక్షి ఈక ఎగిరొచ్చి అతుక్కుంది, లాగితే సగమే ఊడింది. నాన్న అలమారలో డబ్బాలు చాలా ఉన్నాయి. ఒకదాని మీద "ఇంపరా" అనీ ఇంకోదాని మీద "నొంపరా" అనీ ఆయన చేతిరాత. నేను వాడింది నొంపరా. మూలన కోబాల్టు సీసా కూడా ఉంది. హార్డ్‌నర్ ఇంకాస్త ఎక్కువ పొయ్యాలా? కోబాల్టు వెయ్యాలా? ఏది కలిపితే ఇది ఆరుతుంది?

తాత రోజూ పొద్దున్నే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పడవ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏవే పిల్లా, నా పడవకి పూతేశావా, తేనె పూశావా? ఈగలు వాలతాయేమో చూసుకో."

నవ్వుతూనే అంటాడు గానీ లోపల భయంగా ఉంది ఆయనకి. వసంతంలో తై చేపలు వచ్చేనాటికి పడవ నీళ్లలో ఉండాలి. లేకపోతే ఎదురొడ్డున ఉన్న పెద్ద యార్డుకి తీసుకుపోతానన్నాడు. అదే జరిగితే ఇక ఈ దీవిలో నాకు పడవ ఇచ్చేవాడుండడు, మత్స్యకారుల సంఘం షెడ్డు వెనక్కి తీసుకుంటుంది. మూసేసి, కురే పట్నంలో ఏదో గ్యారేజీలో చేరతాను.

ఏం కలపాలో రాయండి చాలు. రానక్కర్లేదు.

మియో


షిమొనొసెకి
ఫిబ్రవరి మొదలు

మియోకు,

మా అక్క ఇంటి వెనక ప్లమ్ చెట్టుకు మొగ్గలు వచ్చాయి, ఇంకా విచ్చుకోలేదు. నువ్వు పలకరింపులు వదిలేశావు కనక నీ వాటా కూడా నేనే రాస్తున్నాను: చలి ముదిరింది, ఒళ్లు జాగ్రత్త, వేళకు అన్నం తింటున్నావా, రాత్రుళ్లు నూడుల్స్‌తో సరిపెట్టుకుంటున్నావా. ఇక పనిలోకి వద్దాం.

నీ పూతకు ఏ జబ్బూ లేదు. కంగారుపడి దానికి మందు వెయ్యకు.

నొంపరా అంటే మైనం లేనిది. గాలి తగులుతున్నంతసేపు దాని పైముఖం ఆరదు. లోపల గట్టిపడే ఉంటుంది, గోటితో నొక్కి చూడు, తెలుస్తుంది. పైన ఆ జిగట ఎందుకంటే, తర్వాత వేసే పూత దాన్ని పట్టుకోవడానికి. అది ఆరలేదని కాదు, ఇంకో పూత కోసం చూస్తోందని. ఇంపరా అంటే మైనం కలిపింది. పూశాక ఆ మైనం పాల మీద మీగడలా పైకి తేలి గాలిని ఆపేస్తుంది, అప్పుడు పైముఖం కూడా గట్టిపడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకసారి ఆ మీగడ కట్టాక దాని మీద ఇంకేదీ అంటదు. కాబట్టి కింద పూతలన్నీ నొంపరా, చివరి పూతకే మైనం. మీ నాన్నకు ఈ ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ తొందర లేదు.

ఈకను గీకి తీసెయ్యి. దుమ్ము పడితే ఎసిటోన్ గుడ్డతో ఒకసారి తుడిచి, ఆ జిగట మీదే రెండో పూత వెయ్యి.

హార్డ్‌నర్ ఈ చలికి నూటికి రెండు పాళ్లు. అంతకు మించొద్దు. ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందని అందరూ అనుకుంటారు. గిన్నెలోనే ఉడికిపోతుంది. పొగ లేస్తుంది, పగుళ్లిచ్చి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒకసారి చూశాను, చాలు. కొలవడానికి కిటికీ మేకుకు నీ దగ్గుమందు గిన్నె వేలాడుతుంటుంది చూడు, నేను వాడింది అదే. మందు పెంచడం కాదు, డబ్బాను వెచ్చబెట్టాలి. మీ నాన్న మూత బిగించి రాత్రంతా కొతాత్సు వేడిబల్ల దుప్పటి కింద పెట్టేవాడు, మన కాళ్లకు తగిలేది, గుర్తుందా? నువ్వు "నాన్నకి మనకంటే దాని మీదే ప్రేమ" అని తన్నేదానివి. మైనం కలిసిన ఇంపరా డబ్బాను వాడేముందు వేడినీళ్లలో కూడా ఉంచు. చలికి మైనం రవ్వలు కడుతుంది, అలాగే పూస్తే పైకి తేలదు.

షెడ్డులో కిరసనాయిలు స్టవ్ వెలిగించొద్దు.

కోబాల్టు మూత కూడా తియ్యకు. డబ్బాలో అది కలిసే వస్తుంది, ఇంకా పోస్తే తెల్లటి పడవ పచ్చబడుతుంది. ఇక కోబాల్టునూ హార్డ్‌నర్‌నూ ఒకే గిన్నెలో నేరుగా ఎప్పుడూ కలపకు. భగ్గున మంటలేస్తుంది. ఈ మాట కింద రెండు గీతలు గీశాను, కాగితం చిరిగేలా ఉంది.

ఎండబెట్టిన వకమే నాచు పంపుతున్నాను. పులుసులో వేసుకో.

రానక్కర్లేదని రాశావు. సరే.

ఫుసాయే


తొయొషిమా
ఫిబ్రవరి మధ్య

ఫుసాయే గారికి,

పలకరింపులు ఇప్పుడు కూడా లేవు.

పడవ పాడుచేశాను. మీ ఉత్తరం పూర్తిగా చదవలేదు. "వద్దు, వద్దు, చెయ్యకు" అని అన్నిసార్లు కనబడేసరికి ఎనిమిదేళ్ల పిల్లనైపోయినట్టు అనిపించి, మొదటి కాగితం సగంలోనే మడిచేశాను. మైనం కలిపితే గట్టిగా ఆరుతుందన్న ముక్క మాత్రం తలలో ఉండిపోయింది. ఆ జిగట చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. మొత్తం గీకి పారేసి ఇంపరా పూశాను. మర్నాటికి పింగాణీ పళ్లెంలా వచ్చింది. తాత చెంప ఆనించి చూసి, "ఇదీ పనంటే! ఇవావో కూతురివనిపించావే" అన్నాడు. ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ సంతోషంలో దాని మీదే ఇంకో ఇంపరా పూత వేసేశాను.

నిన్న పొద్దున తాత అంచు దగ్గర గోటితో కొంచెం లేపి లాగితే, కమలాపండు తొక్కలా అరచేయంత ముక్క ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. ఆ ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి అడుగుతాను. జాగ్రత్తలన్నీ ఇంత బాగా తెలిసిన మనిషి ఆ రోజు పొగలు కక్కే గిన్నెను షెడ్డు గుమ్మంలో ఎందుకు పెట్టారు? నాకు ఎనిమిదేళ్లు, అమ్మ పోయి అప్పటికి ఏడాది. అందులో పడింది నా జడ, అమ్మ పెంచింది. మీరు నాన్నను చేసుకుని ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు, మెడ దగ్గరికి కత్తిరించేశారు. "గిన్నె ఎవరు పెట్టారు?" అని నాన్న ముందే అడిగాను. "నేనే" అన్నారు. క్షమించమని కూడా అనలేదు.

ఇన్నేళ్లుగా నా జుట్టు నేనే కత్తిరించుకుంటున్నాను. ఎవరినీ ముట్టుకోనివ్వను. మీకు తెలిసే ఉంటుంది.

ఈ పూత ఎలా తీయాలో రాస్తే రాయండి.

మియో


షిమొనొసెకి
ఫిబ్రవరి

మియోకు,

చలి తగ్గలేదు. ప్లమ్ పూలు మాత్రం విచ్చుకున్నాయి.

పడవ పాడవలేదు. తొందరపడి మూసెయ్యకు. పై పూత ఊడేదంతా ఊడనివ్వు. కింద పూత గట్టిగానే పట్టుకుని ఉంటుంది, దాన్ని ముతక గరుకుకాగితంతో తళుకు పోయేదాకా రుద్దు. మైనం పోయిందో లేదో కళ్లకు తెలియదు. దోసెడు నీళ్లు చల్లు. బొట్లు బొట్లుగా విడిపోయి జారితే మైనం ఇంకా ఉన్నట్టు. నీళ్లు పలచగా పరుచుకుని అలాగే ఉండిపోతే పోయినట్టు. పక్కన పెద్ద దీపం పెట్టుకుని చూడు. చేతులు నొప్పెడతాయి. రోజుకు కొంచెం చెయ్యి.

గెన్‌పెయి గారికి తిట్టడం ఇష్టం. ఆయన తిట్టలేదంటే నీ మీద జాలిపడ్డాడన్నమాట, పడవ తీసుకుపోడు. ఒక సాకే సారా సీసా పట్టుకెళ్లి గుమ్మంలో తల వంచి నిలబడు. మాటలేవీ వద్దు.

జడ విషయం. అవును, కత్తిరించింది నేనే.

ఫుసాయే


తొయొషిమా
మార్చి మొదటివారం

ఫుసాయే గారికి,

కొండ మీద తోటల్లో చివరి కమలాలు కోసేశారు. గాలి మెత్తబడింది. ఇవి పలకరింపులే, మీరు నవ్వొద్దు.

సాకే సీసాతో వెళ్లి నిలబడ్డాను. తాత సీసా చూశాడు, నన్ను చూశాడు. "ఇది చవకరకం కదే" అన్నాడు. లోపలికి రమ్మన్నాడు. మర్నాటినుంచి ఆయనా ఒక కాగితం ముక్క పట్టుకుని నాతోపాటు రుద్దుతున్నాడు. నీళ్లు చల్లడం ఆయన పని. "బొట్టు కట్టిందే! ఇక్కడ బొట్టు కట్టింది!" అని అరుస్తుంటాడు, పది తప్పులు పట్టిన బడిపంతులు కూడా అంత సంతోషపడడు.

అలా రుద్దుతుంటే అడుగున సన్నటి పగులు బయటపడింది. దాని వెంట పోతే తెరచాప గుంజ కిందికి తీసుకెళ్లింది. లోపల నీళ్లు దిగాయి. అక్కడ ఏముంటుందో మీకు తెలుసు. పడవ కట్టినవాడు ఎవరికీ చూపించకుండా దాచే పెట్టె, పడవ దేవతది. తెరవకూడదంటారు. తెరవకపోతే కుళ్లిపోతుంది. తాత సాకే పోసి, చేతులు జోడించి, "అమ్మా, పైకప్పు కారుతోంది, బాగు చేస్తాం, కోప్పడకు" అని చెప్పాక తెరిచాను.

కాగితపు బొమ్మలు రెండూ తడిసిపోయాయి. పాచికలు, పాత నాణేలు బాగానే ఉన్నాయి. నూనెగుడ్డలో చుట్టి జుట్టు ఉంది. పడవ కట్టినవాడి భార్య జుట్టు పెడతారు కదా, మీదే అనుకున్నాను. విప్పితే చిన్నపిల్ల జడ. సన్నగా, కొంచెం ఎర్రగా, చివర నీలం దారం. ఆ దారం అమ్మ కట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

జడ పొడవునా జెల్‌కోటు చుక్కలున్నాయి, కొసన బొటనవేలంత ముద్ద గట్టిపడి ఉంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. తెల్లగా లేదు. గోధుమ రంగు. నిలువునా పగుళ్లు. హార్డ్‌నర్ ఎక్కువైతే ఎలా ఉంటుందో మీరు రాశారు, సరిగ్గా అలాగే ఉంది. దగ్గుమందు గిన్నెతో కొలిచి పోసే మనిషి కలిపింది అలా ఉడకదు. సీసా మూతతో కొలిచి, "ఇంకో మూత పొయ్యి, ఏం కాదు" అనే మనిషి ఒక్కడే ఆ ఇంట్లో ఉండేవాడు.

తాతను అడిగాను. ముందు సముద్రం వైపు తిరిగి కూచున్నాడు.

"ఆ రోజు తొందర నాదేనే పిల్లా. రేపటికల్లా పడవ దించాలని ఇవావో పీక మీద కూచున్నా. వాడు ఎడాపెడా పోసేశాడు. గిన్నె పొగలు కక్కుతుంటే బయటికి విసిరేద్దామని తెచ్చి, నేనేదో పిలిస్తే గుమ్మంలో పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. నువ్వు పరిగెత్తుకుంటా వచ్చావు."

"మరి ఆవిడెందుకు తానే పెట్టానంది?"

"నాకేం తెలుసు? నేను నోరు తెరవబోతే, ఆ గాజునార కోసే కత్తెర చేతిలో పట్టుకుని ఒక్క చూపు చూసింది. అంతే, ఇరవై ఏళ్లు మూసుకున్నా."

ఇప్పుడు మీరు చెప్పండి. "అవును, కత్తిరించింది నేనే" అని ఒక్క ముక్క రాసి తప్పించుకోకండి.

ఇంకోటి. పెట్టె మళ్లీ మూయాలి. జుట్టు మార్చాలా, అదే ఉంచాలా అని అడిగితే, "కట్టినవాడి ఇంటి ఆడమనిషిని అడుగు" అన్నాడు తాత. అంటే మిమ్మల్నే.

మియో


షిమొనొసెకి
మార్చి

మియోకు,

పూలు రాలి చిన్న చిన్న ఆకులు వస్తున్నాయి. నీ ఉత్తరం మూడు రోజులు ఆప్రాన్ జేబులో పెట్టుకు తిరిగాను. మా అక్క "ఎవరిదే ప్రేమలేఖ?" అని ఆటపట్టించింది. అలాంటిదే అన్నాను.

నువ్వు గుమ్మంలో తట్టుకుని పడ్డావు, నీ జడ చివర గిన్నెలో పడింది. నువ్వు బెదిరి తల విదిలించేసరికి ఆ పాకం జడ పొడవునా, మెడ దాకా చిందింది. అది మరుగుతోంది, క్షణాల్లో గట్టిపడుతోంది. నువ్వు లాగుతుంటే గిన్నె నీ వీపు మీదికి ఒరుగుతోంది. ఎసిటోన్‌తో కడిగే వ్యవధి లేదు. నా చేతిలో కత్తెర ఉంది. అంతే జరిగింది. ఇప్పటికీ ఆ క్షణం మళ్లీ వస్తే అదే చేస్తాను.

మీ నాన్న గుమ్మంలోనే నిలువుగుడ్లు వేసుకుని నిలబడిపోయాడు. నువ్వు ఏడుస్తూ "గిన్నె ఎవరు పెట్టారు?" అని అడిగావు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. అప్పటికి నీకు ఈ లోకంలో మిగిలింది ఆయన ఒక్కడే. ఆయన మీద కోపం వస్తే ఆ రాత్రి నువ్వు ఎవరి పక్కన పడుకుంటావు? నేను కొత్తదాన్ని. నా మీద ఎంత కోపం పెట్టుకున్నా నీకు పోయేదేమీ లేదనుకున్నాను. అందుకే నేనే అన్నాను. పెద్దయ్యాక చెబుదామని ఆయన, వద్దని నేను. తర్వాత్తర్వాత అది అలాగే గట్టిపడిపోయింది.

నువ్వు ద్వేషిస్తుంటే నాకు బాధ కలగలేదని అబద్ధం చెప్పను. కలిగింది. బడినుంచి వచ్చి గుమ్మంలో "వచ్చాను" అని నాన్నకు మాత్రమే వినబడేలా అనేదానివి. నేను వంటింట్లోంచి మెల్లగా "రా" అనేదాన్ని. నీకు వినబడేది కాదు.

ఆ జడను పారెయ్యడానికి చేతులు రాలేదు. దాన్ని పెంచిన మనిషి ఇక లేదు కదా. పెట్టెలో పెట్టడానికి మీ నాన్న నా జుట్టు అడిగాడు. ఆ ఇంటి ఆడమనిషి మియోనే, నేను ఇంకా చుట్టాన్నే, దానిదే పెట్టు అన్నాను. గిన్నెలోంచి జడ కొసను కోసి తీసింది ఆయనే. ఆ ముద్దను మాత్రం వదిలించలేకపోయాడు. అది కనబడితే ఏడుస్తాడని నూనెగుడ్డలో నేను చుట్టాను.

ఇప్పుడు ఒకటి నేనే చెప్పాలి. మీ నాన్న పోయిన నలభై తొమ్మిదో రోజు తంతు అయ్యాక "ఇక మీరు వెళ్లాలంటే వెళ్లొచ్చు" అన్నావు. నేను సరే అని సంచి సర్దుకున్నాను. నీ మాటకు అలిగి వెళ్లానని అనుకుని ఉంటావు. అప్పటికే రెండేళ్లుగా నా చేతులకు ఈ పూతల్లోని రెసిన్ పడటం లేదు. వేళ్లు పగిలి నెత్తురు వచ్చేది, తొడుగులు వేసుకుని దాచాను. పచ్చి రెసిన్ గాలి తగిలితే ఊపిరి కూడా బిగుసుకుంటుందని, షెడ్డు గుమ్మం తొక్కొద్దని డాక్టరు అన్నాడు. పని చెయ్యలేని దాన్ని, పిలవని ఇంట్లో ఏమని ఉండను? గట్టిపడ్డ పూతతో ఏ బాధా లేదట, అది ఉత్త పళ్లెంతో సమానం అన్నాడు.

నీ జడను తీయకు. పడవను ఇన్నేళ్లు కాపాడింది అదే. నా జుట్టు కొంచెం పంపుతున్నాను, తెల్లబడిపోయింది, నీ జెల్‌కోటుకు రంగు కుదురుతుందిలే. దాని పక్కన పెట్టు. చోటుంటేనే.

ఫుసాయే


తొయొషిమా
ఏప్రిల్ మొదలు

అమ్మా,

"మీరు" అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. రెసిన్ దుకాణం ఆవిడకు సరుకు చిట్టీ రాస్తున్నట్టుంది. ఇక నుంచి నువ్వు అనే రాస్తాను. కోపమొస్తే వచ్చాక తిట్టు.

చెర్రీ పూలు విచ్చుకున్నాయి. వంతెన కింద నీళ్లు ఆకుపచ్చగా మారాయి. పక్కింటి ఆవిడ వెదురుమొలకలు ఇచ్చింది, నీలాగా ఉడకబెట్టడం రాక చేదుగా తిన్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు? నీ చేతులెలా ఉన్నాయి? పలకరింపులు సరిపోయాయా?

పెట్టెలో చోటుంది. చాలా ఉంది. నీ జుట్టును నా జడ పక్కన పెట్టి, కొత్త కాగితపు బొమ్మలు చేసి, మూసేశాను. దాని మీద గాజునార వేసి, నొంపరా పూశాను. మర్నాడు వేలు పెట్టి చూస్తే జిగటగా ఉంది. ఈసారి ఒళ్లు మండలేదు. కాసేపు ఆ వేలిని అలాగే ఉంచాను. తర్వాతి పూత దాన్ని ఎలా పట్టుకుందంటే, ఉలి పెట్టినా ఊడదు.

పక్కలకు కూడా అంతే. కింద పూతలన్నీ నొంపరా, చివరిదానికి మైనం. డబ్బాను కొతాత్సు కింద పెట్టుకుని, కాళ్లు ఆనించుకుని పడుకున్నాను. రంగు కలపడం మాత్రం పెద్ద గొడవైంది. కొత్త తెలుపు మరీ తెల్లగా ఉంది, పాత డెక్కు పక్కన అతుకు వేసినట్టుంటుంది. పసుపు ఒక చుక్క, నలుపు సూదిమొనంత వేసి కలిపి చూపిస్తే తాత పగలబడి నవ్వాడు.

"ఇది నా పళ్ల రంగు కదే! నా నోట్లోకి చూసి కలిపావా ఏంటి?"

"అవును తాతా, చివరి పన్ను దగ్గర కుదిరింది."

నిన్న తడి గరుకుకాగితంతో సాన పట్టి, పాలిష్ కొట్టాక ఆయన పడవ పక్కన నిలబడితే ఆయన మొహం అందులో కనబడింది. పండగ జెండాలు బయటికి తీసి ఎండేశాడు. తై చేపలు ఇంకా రాలేదు, పడవే ముందు సిద్ధమైంది. సంఘం పెద్ద కూడా వచ్చి చూసి, తన పడవకు ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగి వెళ్లాడు. షెడ్డు మూయడం లేదు.

ఆ రోజు "వెళ్లాలంటే వెళ్లొచ్చు" అన్నది, నువ్వు ఉండిపోతానంటావేమో విందామని. నువ్వు సరే అన్నావు. నేను మేడమీదికి పోయి కిటికీలోంచి నీ సంచి కనబడినంతసేపు చూశాను. ఇద్దరం భలే మనుషులం.

వచ్చే ఆదివారం పడవను దించుతాం. పూతంతా గట్టిపడిపోయింది, షెడ్డు కడిగి తలుపులు బార్లా తెరిచి ఉంచాను, వాసనే లేదు. నువ్వు షెడ్డులో పని చెయ్యనక్కర్లేదు. ఇంట్లో ఉండు. నేను వచ్చినప్పుడు "రా" అని గట్టిగా అను.

ఇంకో సంగతి. అడుగు పూసేటప్పుడు తల గుడ్డ జారింది. పైనుంచి కారి, వెనక జుట్టులో పడింది. చల్లగానే ఉంది, కంగారుపడకు, కొలిచే పోశాను. అప్పుడే ఎసిటోన్‌తో తుడిస్తే పోయేది. కత్తెర కూడా ఎదురుగానే ఉంది. ముట్టుకోలేదు. ఇప్పుడది రాయిలా గట్టిపడి, నడిస్తే మెడకు తగులుతోంది. తాత చూసి, "దాన్ని కోసి పారెయ్యవే" అంటే, మా అమ్మ వచ్చి కోస్తుంది అన్నాను.

ఇక్కడి కత్తెరలన్నీ గాజునార కోసి మొద్దుబారాయి. నీది తెచ్చుకో.

మియో


షిమొనొసెకి
ఏప్రిల్

మియో తల్లీ,

ఈసారి పలకరింపులు నేను వదిలేస్తున్నాను. కళ్లు సరిగ్గా కనబడటం లేదు.

కత్తెర సాన పట్టించాను. శనివారం మధ్యాహ్నం వస్తాను. వెదురుమొలకలు పారెయ్యకు, బియ్యం కడుగులో నానబెట్టి ఉంచు. నేను వచ్చేదాకా తల దువ్వకు, లాగితే నొప్పెడుతుంది.

అమ్మ